‘రియాక్షన్’ అనని డాక్టరమ్మ

మొన్న టెక్కలిలో పూండి బస్సెక్కాను. నౌపడ దగ్గర ఎవరో ఎండు నెత్తళ్ల చేపల గంప ఎక్కించారు. వాసన బస్సంతా పరుచుకుంది. ముందు సీటు కుర్రాడు చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. నాకు మాత్రం నవ్వొచ్చింది. ఒకప్పుడు ఇదే వాసన పలాసలో మా ఆసుపత్రి మగవాళ్ల వార్డుని వారం పాటు ఏలింది. ఫినాయిలు ఎంత పోసినా పోలేదు. ఆ వాసన వెనకాలే నాకు సుగుణ మేడమ్ గుర్తొచ్చారు.

నేను నర్సు చదువు పూర్తిచేసి మొదట చేరింది మేడమ్ ఆసుపత్రిలోనే. చిన్న ఆసుపత్రి, పెద్ద పేరు. మేడమ్‌ది మందస. ఆపరేషన్లు చేసే డాక్టరు. భారీ మనిషి, భారీ గొంతు. ఓపీలో నవ్వితే మందుల షాపులో వినిపించేది. పేషెంట్లతో వాళ్ల భాషే మాట్లాడేవారు, మాతో కోపం వస్తే ఇంగ్లిషు, కోపం తగ్గగానే మళ్లీ మందస యాస. చిన్న స్కూటీ మీద ఆవిడ వస్తుంటే ఆ బండిని చూసి మాకు జాలేసేది.

ఆ రోజుల్లో ఆసుపత్రుల్లో ‘రియాక్షన్’ అనే మాటకు చాలా పని ఉండేది. సూది పొడిచిన చోట గడ్డకట్టినా రియాక్షనే, ఇవ్వకూడని మందు ఇచ్చినా రియాక్షనే. “మీవోడి ఒంటికి ఈ మందు పడలేదమ్మా” అంటే తప్పు పేషెంటు ఒంటిదైపోతుంది, మేం బయటపడతాం. మా సీనియరు రత్నం సిస్టర్ నాకు మొదటివారమే నేర్పిన పాఠం అది. ఆవిడ చెడ్డ మనిషి కాదు. అంతకు ముందు పనిచేసిన చోట నిజం చెప్పిన పాపానికి పేషెంటు బంధువులు జుట్టు పట్టుకుని లాగారట. ఆ భయం ఆవిడని వదల్లేదు.

ఒకరోజు ఓ పసిపిల్లకి సెలైన్ సూది నరంలోంచి జారి చెయ్యి బూరెలా ఉబ్బింది. రత్నం సిస్టర్ అలవాటుగా “పాప నరాలు వీకు” అని తల్లికి చెప్తోంది. వెనకాలే రౌండ్స్‌కి వచ్చిన మేడమ్ విన్నారు.

“నరాలు బాగానే ఉన్నాయమ్మా. సూది జారింది, మేం సూసుకోలేదు. మాదే తప్పు. వాపు తగ్గేదాకా మేమే సూత్తాం” అన్నారు.

ఆ తల్లి కొట్టలేదు, తిట్టలేదు. “అయితే ఆ సెయ్యి కిందెట్టుకుని పడుకోనీనులే” అంది. అంతే! నాకు ఆశ్చర్యం వేసింది. నిజం తెలిస్తే పిల్లని ఎలా పడుకోబెట్టాలో తల్లికి తెలుస్తుందని అంతవరకూ నాకు తట్టనే లేదు.

కానీ అది చిన్న విషయం. పెద్దది ఎర్రయ్యతో వచ్చింది.

ఎర్రయ్య ఉద్దానం తీరంలో చేపల వేటకెళ్లే మనిషి. హెర్నియా ఆపరేషన్‌కి చేరాడు. మా వైపు కిడ్నీ జబ్బుల సంగతి తెలిసిందే. కిడ్నీ ఎలా ఉందో చెప్పే క్రియాటినిన్ అనే మాట చదువురానివాళ్ల నోట కూడా వినిపిస్తుంది. అతని రక్త పరీక్షలో అది కొంచెం ఎక్కువే ఉంది. “నీకు నొప్పుల సూదులు పడవు, ఎవరిచ్చినా ఒద్దను” అని ఓపీలో చెప్పింది మేడమే. ఆపరేషన్ బాగా జరిగింది. ఆవేళ వరుసగా కేసులు. అలసటలో, అలవాటు మీద, అందరికీ రాసే నొప్పి ఇంజెక్షనే అతనికీ రాసేశారు. రత్నం సిస్టర్ ఇచ్చేసింది. మర్నాటికి మూత్రం దాదాపు ఆగిపోయింది.

కొత్త రక్త పరీక్ష రిపోర్టు చూసి మేడమ్ మమ్మల్ని పిలిచారు. గదిలో మేనేజరు కృష్ణారావు గారు, మత్తు డాక్టరు, రత్నం సిస్టర్, నేను ఉన్నాం. బయట ఎర్రయ్య ఊరివాళ్లు రెండు ఆటోల్లో దిగి ఉన్నారు.

“ఆపరేషన్లో బీపీ పడినా ఇలా అవుతుంది. అది చెబుదాం, అబద్ధం కూడా కాదు” అన్నాడు మత్తు డాక్టరు.

“బీపీ పడిందా?” అన్నారు మేడమ్.

ఆయన తల అడ్డంగా ఊపాడు.

“చెప్పేరంటే ఆసుపత్రి అద్దాలు మిగలవు మేడమ్” అన్నారు కృష్ణారావు గారు. రత్నం సిస్టర్ ఏడుస్తోంది. “ఇచ్చింది నేనని తెలిస్తే చంపేస్తారమ్మా.”

“రాసింది నేను. నీ పేరు ఎందుకొస్తాది?” అని మేడమ్ లేచి నా వైపు చూశారు. “పద్మా, నాతో రా.”

ఎర్రయ్య భార్య నీలమ్మ చేపలమ్మే మనిషి. నాలుగు సంతల్లో గొంతుతో నెగ్గుకొచ్చిన మనిషి. మేడమ్ మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, దాచకుండా మొత్తం చెప్పారు. పడని మందు ఇచ్చామని, రాసింది తానేనని, కిడ్నీ దెబ్బతిందని, చాలామందికి కొన్ని రోజుల్లో కోలుకుంటుందని, కోలుకోకపోతే డయాలిసిస్ అవసరం కావొచ్చని. చివర్లో “నన్ను క్షమించమ్మా” అన్నారు. “వేరే ఆసుపత్రికి తీసుకెళ్తానంటే నేనే ఫోన్ చేసి, అంబులెన్సులో కూడా వస్తాను.”

నీలమ్మ అందుకుంది. “ఒద్దని సెప్పింది నువ్వే, పొడిపించింది నువ్వేనా? నీ సదువు సముద్రంలో కలపా! ఈడికేటైనా అయితే నాను పిల్లల్ని ఎలాగ సాకాల?” ఆ తిట్లు వార్డు దాటి రోడ్డు మీదికి వెళ్లాయి. ఆటోల్లో వచ్చినవాళ్లు తలుపు దగ్గర మూగారు. మేడమ్ ఒక్క మాటకీ అడ్డం చెప్పలేదు, లేవలేదు. తిట్టీ తిట్టీ నీలమ్మ ఆయాసంతో ఆగింది. నీళ్లు తాగింది.

“ఇప్పుడేటి సేత్తావు?” అంది.

మేడమ్ చెప్పారు. ఆవిడ శ్రద్ధగా వింది. భర్త వైపు చూసింది. “ఉంటాం. కానీ ఇక నుంచి ఈడికి ఏది పొడిసినా ఏటి మందో, ఎందుకో నాకు సెప్పాలి. సెప్పకుండా ముట్టుకున్నారా, సేతులిరిసేత్తాను.”

ఆ రోజు నుంచి వార్డులో నీలమ్మ రాజ్యం. ఇంటి నుంచి తెచ్చుకున్న ఎండుచేపల మూట మంచం కింద, ఆవిడ మంచం ముందు. నేను ట్రే పట్టుకుని వెళ్తే “ఏటిది? దేనికి?” అని అడ్డం. తడబడితే వెనక్కి పంపేసేది. జిల్లాలో రాత్రి కూర్చుని మందుల పేర్లు బట్టీపట్టిన నర్సులం మేమొక్కళ్లమే అయ్యుంటాం. పక్క మంచాలవాళ్లకీ నేర్పింది. “అడగండే, మీ వొళ్లు కాదేటి!” కృష్ణారావు గారు తల పట్టుకుంటే మేడమ్ పొంగిపోయేవారు.

అందరం మూత్రం సంచీ వంకే చూస్తూ గడిపాం. ఒక ఉదయం నీలమ్మ వరండాలోకి పరుగెత్తుకొచ్చి ఊరంతా వినేలా అరిచింది. “మావోడు ఉచ్చ పోసీనాడు! సంచీ నిండిపోనాది!” మందుల షాపువాడు సహా అందరూ చప్పట్లు కొట్టారు. మేడమ్ మాకందరికీ మిరపకాయ బజ్జీలు తెప్పించారు. నీలమ్మ రెండు తిని, “కారం సాల్లేదు” అంది. ఎర్రయ్య నడుచుకుంటూ ఇంటికి వెళ్లాడు. కిడ్నీ పరీక్షలకి ఆ తర్వాత కూడా మేడమ్ దగ్గరికే వచ్చేవాడు.

అంతా తీపేమీ కాదు. నీలమ్మ తమ్ముడు మాత్రం మమ్మల్ని క్షమించలేదు. ఆ వైపు ఊళ్ల నుంచి కొన్నాళ్లు పేషెంట్లు తగ్గారు. “సూశారా?” అని కృష్ణారావు గారు అంటే, “వాళ్ల కోపంలో తప్పేముంది?” అనేవారు మేడమ్. ఎర్రయ్య వెళ్లిన సాయంత్రం నేను టీ తెచ్చిచ్చి, ఆగలేక అడిగేశాను.

“నీలమ్మ తిడుతుంటే మీరు కూడా భయపడ్డారా మేడమ్?”

“భయం లేదనుకున్నావేటే? కాళ్లు లేవలేదు. అందుకే కూకున్నాను” అని నవ్వారు.

తర్వాత ఓ రోజు రత్నం సిస్టర్ తనంతట తనే మేడమ్ గదిలోకి వెళ్లి, “ఒక ఇంజెక్షన్ ఆలస్యంగా ఇచ్చానమ్మా, వాళ్లకి చెబుదామా?” అంది. మేడమ్ అరవలేదు. “పద, ఇద్దరం చెబుదాం” అన్నారు. ఆపరేషన్లు ఎన్ని చేసినా ఆవిడ ముఖంలో అంత సంతోషం నేను చూడలేదు. ఆ తర్వాత మా దగ్గర రియాక్షన్ అంటే నిజంగా రియాక్షనే.

ఇప్పుడు మేడమ్ ఆసుపత్రి మూసేసి మందసలో ఉంటున్నారు. నేను టెక్కలిలో ఓ వార్డుకి ఇన్‌ఛార్జిని. ఈమధ్య మా సిస్టర్ ఒకామె పక్క మంచం ఆయన బీపీ మాత్ర ఓ తాతకి వేసేసింది. “ఏమీ కాలేదుగా, చెప్పడమెందుకు?” అన్నారు ఆఫీసులో. నేను వెళ్లి తాత పక్కన కూర్చుని చెప్పాను.

“ఏటైనా అయిపోద్దేటి?”

“ఏమీ కాదు తాతా. అయినా సాయంత్రం దాకా బీపీ చూస్తూనే ఉంటాం. లేచేటప్పుడు నన్ను పిలు, కళ్లు తిరగొచ్చు.”

తాత పక్క మంచం వైపు చూశాడు. “అది సరే. మరి పక్కోడి మాత్ర నాను మింగీసినాను గదా, ఆడికి మళ్లీ ఇచ్చినారా?”

ఆ సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు. సిస్టర్ మాత్ర కోసం పరుగెత్తింది. వార్డంతా నవ్వింది, తాత అందరికంటే గట్టిగా.

సాయంత్రం మేడమ్‌కి ఫోన్ చేసి చెప్పాను. అవతల నుంచి ఆ నవ్వు ఎంతసేపటికీ ఆగలేదు.