జూలైలో చలికోటు

తుపాకులకు పేరుమోసిన ఫెర్లాఖ్‌లో పుట్టి కూడా రోస్విథా ముప్పై ఏళ్లుగా ఫ్యాక్టరీ రైఫిల్‌తోనే జింకల వేటకు వెళ్లేది. ఊరంతా ఆట పట్టించేది. ఆ పోరు పడలేక, యాభై ఎనిమిదో ఏట, ఒక జూలై ఉదయాన చేత్తో రైఫిళ్లు చేసే ముసలి ఎగిడ్ దగ్గరికి బయల్దేరింది, మందపాటి ఉన్నికోటు తొడుక్కుని. వేట చలికాలంలో కాబట్టి, రైఫిల్ ఒంటికి అమరాలంటే కొలతలు కోటు మీదే ఇవ్వాలి. దారిపొడుగునా జనం పడీపడీ నవ్వారు.

"వచ్చావా అమ్మాయ్! ముప్పై ఏళ్లకి బుద్ధొచ్చిందన్నమాట," అన్నాడు ఎగిడ్.

"కొలతలు తీస్తావా, నన్ను ఉడికి చావమంటావా?"

ముందు ఆమె వెంట తెచ్చిన పాత రైఫిల్ ఎత్తి చూపించమన్నాడు. ఆమె కళ్లు మూసుకుని భుజానికెత్తి, కళ్లు తెరిచింది. మెడ సర్దుకోకుండానే చూపు సరిగ్గా గురి మీదే ఉంది, ఆమె కొలతకే చేసిన రైఫిల్‌లా. ఎగిడ్ రైఫిల్ అందుకుని, ఆమె చెంప ఆనిన చోట కర్రని వేలితో తడిమాడు.

"ఇది చెక్కిందెవరు?"

"నేనే. దవడకి గుచ్చుకుంటుంటే బంగాళాదుంపల కత్తితో గీకాను. కోటేసుకుంటే పొడుగవుతోందని వెనకాల కాస్త కోసేశాను. ఏం, తప్పా?"

ఎగిడ్ టేపు విసిరేసి పగలబడి నవ్వాడు. "నీకు కొత్తది చెయ్యనుగాక చెయ్యను. ఇంతకంటే బాగా నాకు రాదు. ఆ కోటు విప్పి అలా కూర్చో. నాకు కర్ర చెక్కే మనిషి కావాలి."

ఆమెని చూసి నవ్వినవాళ్లే ఇప్పుడు ప్రతి జూలైలో ఉన్నికోట్లు తొడుక్కుని, చెమటలు కక్కుతూ ఆమె ముందు నిలబడుతున్నారు.

"కదలొద్దన్నానా!" అని కసురుతుంది రోస్విథా, కావాలనే మళ్లీ మొదట్నుంచి కొలుస్తూ.