ప్రభువు బల్ల దగ్గర నా వేళ్లు

సహోదరులారా, సహోదరీలారా, నా చేతులు నావి కాకుండా పోయిన రోజుల గురించి చెప్పమని ప్రభువు ఈ పూట నన్ను నిలబెట్టాడు, చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది, అయినా ఆయన చేసిన మేలు దాచుకోలేను.

మాది కోరుట్ల. పెళ్లయి వచ్చిన నాటి నుంచి నాకు తెలిసింది బీడీలు చేయడం ఒక్కటే. ఒడిలో చేట, చేటలో కత్తిరించిన తునికాకు, తంబాకు, చుట్టడం, దారం కట్టడం, గోరుతో మూతి మడవడం, పొద్దున కూర్చుంటే దీపాలు పెట్టేదాకా అదే! వాటిని ఏ ఊళ్లో ఎవరు తాగుతారో తెలియదు, కట్ట మీద బొమ్మ సేటుది, కార్ఖానాలో బాగాలేవని పక్కన పారేసే చేయి ఇంకొకరిది, ఇక అందులో నాదంటూ ఏముంది? కొన్నాళ్లకు మనసు ఎక్కడో ఉండేది, వేళ్లు వాటంతటవే చేసుకుపోయేవి. ఒకరోజు మా బిడ్డ కమలకు జ్వరమొస్తే పక్కన కూర్చుని తల నిమురుతున్నాను, నిమురుతున్నాననే అనుకున్నాను! "అమ్మా, నా ఎంటికలు గుంజకే, నీ చేతులు బీడీలు చేస్తున్నయే" అని ఏడ్చింది. జ్వరంతో కాలిపోతున్న పిల్ల జుట్టును చుడుతున్నాను, సహోదరులారా!

అవి నక్సలైట్లు, మేం అన్నలనేవాళ్లం, వాళ్ల కాలం. ఆ ఎండాకాలం ఆకు గోదాము తగలబడింది, అన్నలే తగలబెట్టారన్నారు, పోలీసులు దిగారు, కార్ఖానా మూసేశారు. పోనీలే, చేతులకు విశ్రాంతి దొరుకుతుందనుకున్నాను. దొరకలేదు. ఆ ఆదివారం మందిరంలో ప్రభువు బల్ల. పాస్టరుగారు నా అరచేతిలో రొట్టె ముక్క పెట్టారు, అందరూ ప్రార్థనలో కళ్లు మూసుకున్నారు, నేను కళ్లు తెరిచి చూస్తే ఆ రొట్టెను బీడీలా సన్నగా చుట్టి, కొస గోరుతో మడిచి ఉన్నాను. నా కోసం నలిగిన ప్రభువు శరీరాన్ని! పక్కనున్నామె చూసి ముఖం తిప్పుకుంది. తినలేక, పారేయలేక, కొంగులో దాచుకుని బయటికి పరుగెత్తాను. ఆ తర్వాత ఎన్నో వారాలు మందిరం వైపు పోలేదు.

ఒక మధ్యాహ్నం పాస్టరుగారి తల్లి రూతమ్మ గోధుమపిండి మూటతో మా ఇంటికి వచ్చింది. "ఆదివారం బల్లకు రొట్టె నువ్వే చెయ్యాలె బిడ్డా" అంది. నేను చేతులు వెనక్కి దాచుకుని, "వద్దవ్వా, తంబాకు కంపు పోదు, గివి నా మాట ఇనయి" అని ఏడ్చాను. ఆమె ఆ రెండు చేతులూ లాక్కుని తన ముఖానికి అదుముకుంది. "ప్రభువా, గీ చేతులను నువ్వే చేసినవ్. గివి సేటువి కావు, కార్ఖానావి కావు. నీ బిడ్డ చేతులు నీ బిడ్డకే ఇయ్యి తండ్రీ!" ఆమె కన్నీళ్లు నా వేళ్ల సందుల్లోంచి కారుతుంటే, ఎంతకూ ఆగని నా వేళ్లు ఆగిపోయాయి! స్తోత్రం!

రొట్టె వంకరగా వచ్చింది, ఒక పక్క మాడింది కూడా. ఆదివారం మందిరంలో చివరి వరుసలో తల దించుకుని కూర్చున్నాను. ఒక్కొక్కరూ తుంచుకుని తిన్నారు, ఆ రోజు ముఖం తిప్పుకున్నామె కూడా తిన్నది. నేను చేసింది అందుకున్న మనుషుల ముఖాలు చూడటం నా బ్రతుకులో అదే మొదలు.

కార్ఖానా తెరిచారు, ఆకు మళ్లీ వచ్చింది, ఇప్పటికీ బీడీలే చేస్తున్నాను, అబద్ధం చెప్పను. ఒక్కోసారి వేళ్లు మళ్లీ దారి తప్పుతాయి, సిగ్గుతో తల వంచి "ప్రభువా, గివి నీవే" అంటాను, నిలుస్తాయి. దేవునికే మహిమ! బీడీల చేట ముందో, సిరిసిల్లలో బట్ట నేసే సాంచెల దగ్గరో పొద్దంతా నలిగి, ఇంటికి పోయి బిడ్డను ముట్టుకోవడానికి జంకుతున్నవారు మీలో ఉంటే, దాచుకోకండి, ఆ చేతులనే ఆయన ముందు చాపండి. నా చేతులను అసహ్యించుకోని ప్రభువు, మీవి వదిలేస్తాడా?