ఒరే అప్పన్నా!

మొన్న మనవరాలి కోసం సెంట్రల్ స్టేషన్లో ఎదురుచూస్తున్నాను. ఊరిని ఇప్పుడు చెన్నై అంటున్నారు గానీ నా నోటికి మద్రాసే. కాఫీ వాసన, ఉక్కపోత, మైకులో అర్థమయ్యీ కానట్టుండే అరవం. ఆ గోలలోంచి ఒక ఆడగొంతు "ఒరే అప్పన్నా!" అని కేక పెట్టింది. నా పేరు రమణమ్మ. అయినా చటుక్కున వెనక్కి తిరిగాను. వెంటనే సింహాద్రమ్మత్త గుర్తొచ్చి ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

సింహాద్రమ్మత్త మాకు చుట్టం కాదు, ఆమదాలవలసలో మా పక్కింటావిడ. పెళ్ళయిన కొత్తలో భర్తతో రంగూన్, మా వాళ్ళ నోట రంగం, వెళ్ళొచ్చింది కనక ప్రయాణాల సంగతి అందరూ ఆవిడనే అడిగేవారు. అరవైల చివర్లో మద్రాసులోని ఒక ఆసుపత్రి నన్ను నర్సు శిక్షణ ఇంటర్వ్యూకి పిలిచింది. నాన్న ఊడ్పులు వదిలి రాలేక నన్ను ఆవిడకు అప్పగించాడు. "ఇది రాకపోతే మరి చదువు మాటెత్తకు" అని నాకు గట్టిగా చెప్పాడు కూడా. చేతిలో ఉన్నది రానూపోనూ టిక్కెట్లకే సరి. హోటలు మెట్లెక్కేది లేదని అత్త వేయించిన చోడిపిండి, అదే రాగిపిండీ, బెల్లమూ మూటకట్టింది. ఏ స్టేషన్లో కుళాయి కనిపించినా చెంబు పట్టుకుని దిగి, అక్కడే నింపాదిగా పిండి కలిపేది. రైలు కూతేస్తుంటే కిటికీ దగ్గర నా ప్రాణాలు పోయేవి. "నన్నొగ్గీసి అదెక్కడికెళ్తాది?" అంటూ ఎక్కేది.

మద్రాసులో మేం నమ్ముకున్న చుట్టం ఇంటికి తాళం వేసుంది. కాపురం మార్చేశాడట. ఎక్కడికో పొరుగువాళ్ళు అరవంలో చాలా వివరంగానే చెప్పారు, మాకే ఒక్క ముక్కా అర్థం కాలేదు. పడుకోవడానికి చోటు పోయిందనే కాదు, ఊళ్ళో ఒక సంరక్షకుడు ఉంటేగాని ఆసుపత్రివాళ్ళు సీటివ్వరు. ఆ సంరక్షకుడు ఆయనే. నాకు ఏడుపొచ్చేసింది. అత్త మాత్రం కొంగు బిగించి, బజారు మధ్యకెళ్ళి గొంతెత్తింది.

"ఒరే అప్పన్నా!"

సిగ్గుతో చచ్చిపోయాను. "అప్పన్నెవరత్తా?"

"నాకేటి తెలుసు? సింహాచలం అప్పన్న పేరెట్టుకోని కొంప మనకాడ ఉన్నాదేటే గుంటా? మనోడెవుడైనా ఉంటే తిరుగుతాడు. రంగంలో మీ అప్పన్న మావ తప్పిపోతే ఇలగే పిలిసేను."

"మావ వచ్చాడా?"

"ఊరిలో ఉన్న అప్పన్నలందరూ వొచ్చేరు. ఆడొక్కడే రాలేదు."

మొదట తిరిగినవాడు పోలీసు. ఆయన మమ్మల్ని చూసిన తీరు బాగోలేదు. నేను అత్త చెయ్యి పట్టుకుని లాగుతుండగానే, చేతిబండి లాగుతున్న మనిషొకాయన ఆగి, "ఎవులది?" అన్నాడు. మా యాసలో ఆ ఒక్క మాట వినగానే అత్త మొహం వెలిగిపోయింది. పేరు అప్పలస్వామి, ఊరు చీపురుపల్లి పక్క పల్లె. నాలుగు ఊళ్ళూ, నాలుగు ఇంటిపేర్లూ తిరగేసి, అత్త ఆయన్ని అక్కడికక్కడే తమ్ముణ్ణి చేసేసింది. ఆ రాత్రి వాళ్ళ పాకలో ఉన్న ఒక్క చాపా నాకు వేసి, ఆయన భార్య వట్టి నేలమీద పడుకుంది.

మర్నాడు బస్సు ఖర్చు దండగని అత్త తీర్మానించింది. కార్లలోంచి దిగుతున్న అమ్మాయిల పక్కన నేను అప్పలస్వామి బండిమీది ఉల్లిపాయల బస్తా మీంచి దిగాను. ఇంటర్వ్యూలో తెలుగొచ్చిన ఒక డాక్టరమ్మ అన్నీ అడిగి, చివర్న, "ఊళ్ళో మీ సంరక్షకుడెవరు?" అంది. ఎవరూ లేరన్నాను. అంతే, అయిపోయింది అనుకున్నాను. తలుపు సందులోంచి అత్త తల లోపలికొచ్చింది.

"నేకపోడమేటమ్మా? ఉండు."

వరండాలోంచి ఆ కేక మళ్ళీ వినబడింది. గేటు దగ్గర్నుంచి అప్పలస్వామి పరుగెత్తుకొచ్చాడు. ఆయన వెనకాలే గరిటె పట్టుకుని ఆసుపత్రి వంటాయన కూడా వచ్చాడు. ఆయన అప్పలనాయుడట, పార్వతీపురం మనిషట.

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి ఇద్దర్నీ చూసింది. "వీళ్ళలో ఎవరు?"

"ఒకడు సాలకపోతే ఇద్దర్నీ రాసీయండి" అంది అత్త.

ఇద్దర్నీ రాసుకున్నారు. సీటొచ్చింది. ఆ సీటుతోనే నా బతుకంతా ఈ ఊళ్ళో గడిచింది. అత్త మళ్ళీ మద్రాసు రాలేదు. ఆవిడ పోయినప్పుడు నేను డ్యూటీలో ఉండి ఆఖరిచూపుకి అందుకోలేకపోయాను. కానీ వార్డులో బిక్కమొహం వేసుకుని ఎవరు కనబడినా, "మీదే ఊరు?" అని అడగకుండా దాటిపోవడం నాకు చేతకాలేదు.

ఇంతలో స్టేషన్లో ఆ కేక మళ్ళీ వినబడింది. పిలుస్తున్నావిడ నా ఈడుదే. చంకలో మూట, కళ్ళల్లో బెదురు. ఎవరూ తిరగడం లేదు. జనాన్ని తోసుకుంటూ వెళ్ళి ఆవిడ ముందు నిలబడ్డాను. నన్ను ఎగాదిగా చూసి, "ఎవులమ్మా నువ్వు?" అంది.

"అప్పన్ననేనమ్మా" అన్నాను. "ఎక్కడికెళ్ళాల, సెప్పు."