దొమితిలా అత్త బరువు

కమగ్వే ఊళ్ళో కుర్చీలు చేసే మా ఎర్మెలిందో పిసినారి. చెక్క మీద తోలు అతికిస్తాడు గానీ, అది అంటుకునేదాకా అదిమిపెట్టే సామాను కొనడు. వేడి జిగురు పూసి, తోలు పరిచి, జిగురు బయటికి రాకుండా అంచులకు తేనెమైనం రాసి, వీధిలోకెల్లా బరువైన దొమితిలా అత్తను పిలుస్తాడు. ఆవిడ కాఫీ తాగుతూ గంటసేపు కూర్చుంటుంది.

మొన్న మంగలి ఫుల్హెన్సియో చేయించుకున్న కుర్చీ మీద కూర్చుంది. ఎదురింట్లో డోలు మోగగానే ఆడదామని లేచింది. కుర్చీ కూడా లేచింది. ఎక్కువైన జిగురు, తోలుకి మేకుల కోసం పెట్టిన చిల్లుల్లోంచి పైకొచ్చేసింది మరి. వీధంతా పొట్ట పట్టుకుని నవ్వుతుంటే, ఆవిడ కుర్చీతోనే రెండు చుట్లు ఆడింది.

"కదలకత్తా, తోలు ఊడొస్తుంది," అంటూ ఎర్మెలిందో వెంటపడ్డాడు.

"ఊడదులే. కుర్చీతో పాటు నన్నూ తీసుకెళ్ళమను ఆ ఫుల్హెన్సియోని."

భార్య పోయి పదేళ్ళైన ఫుల్హెన్సియో గుమ్మంలోనే ఉన్నాడు. టోపీ తీశాడు.

"ఎర్మెలిందో, ఊడబీకకు. అలాగే ఇచ్చెయ్."