బ్రేకు మాస్టారి కుడికాలు

ఆ ఊళ్ళో కారు తోలడం వచ్చినవాళ్ళలో సగం మందికి నేర్పింది ఆయనే. స్కూలు బోర్డు మీద ఒకప్పుడు ఆయన పేరు ఉండేది. ఎండకీ వానకీ అక్షరాలు వెలిసిపోయాయి, మళ్ళీ రాయించాల్సిన అవసరమూ రాలేదు. అందరికీ ఆయన బ్రేకు మాస్టారు.

స్కూలంటే పెద్ద హంగేమీ లేదు. టైర్ల కొట్టు పక్కన ఒక గది, అందులో ఒక బల్ల, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, గోడకి రోడ్డు గుర్తుల పటం. బయట ఒక తెల్ల కారు. ఆ కారులో విశేషమంతా డ్రైవరు పక్క సీటు దగ్గర ఉంది. అక్కడ కాళ్ళ కింద ఇంకో క్లచ్చు, ఇంకో బ్రేకు. నేర్చుకునేవాళ్ళు కంగారుపడితే మాస్టారు తన వైపు నుంచే బండి ఆపేస్తాడు. ఇరవై ఆరేళ్ళుగా ఆయన కుడికాలు ఉండే చోటు అదే. పెడలు మీది రబ్బరు అరిగిపోయి మూడుసార్లు మార్పించాడు.

గేర్లూ క్లచ్చూ మొదటి వారంలో అయిపోయేవి. అసలు చదువు రెండో వారంలో మొదలయ్యేది. ఆ ఊరి రోడ్డు మీద బండికి ఎంత హక్కు ఉందో తోకకీ కొమ్ముకీ అంతకన్నా ఎక్కువే ఉంది. బజారు మలుపులో నడిరోడ్డు మీద ఒక ఎర్రావు రోజంతా పడుకుని ఉండేది. మాస్టారు దాని దగ్గర బండి ఆపించి పాఠం చెప్పేవాడు. "హారన్ కొట్టకు, అది లేవదు. తోక వైపు నుంచి పో. తల వైపు పోయావా, లేచి నీ మీదకే వస్తుంది." గేదెల దగ్గర ఇంకో పాఠం. ఒకటి దాటిందంటే మిగతావన్నీ దాటేదాకా డ్రైవరుకి పని లేదు, దిగి టీ తాగి రావచ్చు. మేక దాటితే పిల్ల దాటుతుంది, పిల్ల దాటితే మేక దాటుతుంది, ఎవరు ముందన్నది మనకనవసరం. కుక్క అలా కాదు. సగం రోడ్డు దాకా వెళ్ళి, ఇంట్లో ఏదో మరిచిపోయినట్టు వెనక్కి తిరుగుతుంది. వెళ్ళిపోయిందిలే అని ఎక్సిలేటరు తొక్కినవాడు చెడ్డాడన్నమాటే.

పెట్రోలు బంకు దగ్గర ఒక కుంటి కుక్క ఉండేది. వచ్చేపోయే ప్రతి బండికీ పరీక్ష పెడుతుందని దానికి ఇన్‌స్పెక్టరని పేరు పెట్టాడు. ఇవి కాక గుంతలు, గుంత ఉందని గుర్తుగా ఎవరో పాతిన చెట్టు కొమ్మ, ఆగిపోయిన లారీ చుట్టూ పేర్చి, లారీ వెళ్ళిపోయినా ఎవరూ తీయని రాళ్ళు. అన్నీ ఆయనకి కంఠతా వచ్చు. తన చేతి కింద ఇరవై ఆరేళ్ళలో ఒక్క కోడిపిల్ల కూడా చావలేదని చెప్పుకునేవాడు. ఆయన గొప్ప చెప్పుకునే సంగతి అదొక్కటే.

అది నిజమే. ఆయన కన్ను చూసేలోపే కాలు పడేది. బస్సులో ప్రయాణం చేసినా నేలని తొక్కుతూనే ఉండేవాడు. మధ్యాహ్నం కునుకు తీస్తూ మంచం కోడుని తంతాడని భార్య నలుగురిలో చెప్పి నవ్వేది. నేర్చుకునేవాళ్ళకి మాత్రం ఆ కాలంటే కొండంత ధైర్యం. మీరుండగా మాకేం భయం మాస్టారూ, అనేవాళ్ళు. ఆ మాట వింటే ఆయన మొహం చాటంత అయ్యేది.

చెల్లెలు ఆయనకన్నా పన్నెండేళ్ళు చిన్నది. తండ్రి పోయాక చదివించి నిలబెట్టింది ఈయనే. పక్క ఊరి బడిలో లెక్కల టీచరు, అన్నయ్య ఇంటి వెనక వాటాలోనే ఉండేది. బడికి రెండు బస్సులు మారాలి. నలభై ఒకటో ఏట ఒక పాత నీలం కారు కొనుక్కుంది. కొనేముందు నలభై రోజులు అన్నయ్య తెల్ల కారులో నేర్చుకుంది. క్లచ్చు వదిలితే బండి కదిలినట్టే తెలిసేది కాదు. వెనక్కి తోలడం కూడా గీత గీసినంత తిన్నగా. ఇంతమందికి నేర్పాను గానీ ఇలాంటి చెయ్యి చూడలేదని మాస్టారు భార్యతో అన్నాడు. చెల్లెలు నోరు కూడా అలాంటిదే. "నా చెయ్యి సరే అన్నయ్యా, నీ కాలికి ఎప్పుడు రిటైర్మెంటు?" అనేది.

నీలం కారులో మొదటిరోజు ఆయన ఆమె పక్కన కూర్చున్నాడు. దారిలో గేదె అడ్డం వచ్చింది. ఆయన కాలు పడింది. అక్కడ పెడలు లేదు, మడమ రేకుకి తగిలి టప్పుమంది. "బ్రేకు" అని అరిచాడు. ఆమె తొక్కింది, బండి ఆగింది. ఇద్దరూ కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వుకున్నారు. ఆ రోజు ఆయన ఆలోచించాల్సింది ఒకటుంది, ఆలోచించలేదు. ఆమె తొక్కింది గేదెని చూసి కాదు, ఆయన అరుపు విని.

తొమ్మిదో రోజు పొద్దున ఎనిమిదిన్నరకి, ఆమె ఒక్కతే బడికి వెళ్తుండగా, బైపాస్ రోడ్డు మీద ఇటుక బట్టీలు దాటాక, నీలం కారు రోడ్డు దిగి కల్వర్టు గోడని కొట్టుకుంది. పొదల్లోంచి దూడ ఒకటి అడ్డం వచ్చిందని బట్టీ పనివాళ్ళు చెప్పారు. దూడకి గీత కూడా పడలేదు, దాని దారిన అది పోయింది. చెల్లెల్ని రేకులు కోసి బయటికి తీశారు. ప్రాణం దక్కింది. నడుము కింద స్పర్శ లేదు, ఇక రాదని నాలుగో రోజున డాక్టరు మాస్టారిని పక్కకి పిలిచి చెప్పాడు.

పోలీసు జమేదారు రాసుకున్న కాగితంలో ఒక మాట ఉంది. రోడ్డు మీద టైరు గీత లేదు. అంటే బ్రేకు పడలేదు. నిద్రపోయి ఉంటుంది, లేదా ఫోను చూస్తూ ఉంటుందని జమేదారు అనేశాడు. మాస్టారికి ఒళ్ళు మండిపోయింది. ఫోను సంచీలోనే ఉంది. మర్నాడు తనే ఆ చోటికి వెళ్ళి అడుగులు వేసి కొలిచాడు. పొదల దగ్గర నిలబడ్డ మనిషి నూటపది అడుగుల దూరం నుంచి శుభ్రంగా కనబడుతున్నాడు. రోడ్డు పొడిగా ఉంది. ఎదురుగా ఏ బండీ రాలేదని పనివాళ్ళే చెప్పారు. ఆపడానికి కావలసినంత చోటు ఉంది. తన చెల్లెలు ఎందుకు ఆపలేదు?

ఆమె మాట్లాడే స్థితికి వచ్చాక అడిగాడు, నిద్ర పట్టిందా అని. లేదంది.

"మరి దూడ కనబడలేదా?"

"కనబడింది అన్నయ్యా. దూరం నుంచే కనబడింది." లెక్క ఎక్కడ తప్పిందో వెతుక్కుంటున్నట్టు కాసేపు కప్పు వైపు చూసింది. "ఎప్పుడూ అంతేగా. నాకు కనబడుతుంది, బండి ఆగుతుంది. ఆ రోజు కూడా ఆగుతుందనే చూస్తున్నా. ఆగలేదు. అప్పుడు తిప్పేశా."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే ఆయన తట్టుకునేవాడేమో.

ఇంటికి వచ్చి ఆ నలభై రోజులూ ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాడు. సిగ్నలు దగ్గర ఆమే ఆపింది. కొట్టు ముందు ఆమే ఆపింది. ఆవు, మేక, కుక్క అడ్డం వచ్చినప్పుడు ఆమె ఒక్కసారైనా ఆపిందా? లేదు. ఆపేంత సమయం ఈ కాలు ఇవ్వలేదు. ఆమెకే కాదు, ఎవరికీ ఇవ్వలేదు. బల్ల సొరుగులో నేర్చుకున్నవాళ్ళ పేర్ల పుస్తకాలు నాలుగున్నాయి. మొదటిది తీసి రెండు పేజీలు తిప్పి మూసేశాడు. అందులో ఒకడు బడి పిల్లల వ్యాను తోలుతున్నాడు. ఒకడు నీళ్ళ ట్యాంకరు. వాళ్ళందరికీ దూడ కనబడుతుంది. ఆ తర్వాత?

పక్క సీటు పెడళ్ళు పీకేయమని మెకానిక్ దగ్గరికి వెళ్ళాడు. పీకితే స్కూలు లైసెన్సు పోతుందన్నాడు మెకానిక్. "అయినా ఆ బ్రేకు ఏం పాపం చేసింది మాస్టారూ, ఇన్నేళ్ళూ చెప్పినట్టు విందిగా" అన్నాడు, నవ్విద్దామని.

స్కూలు మూసేస్తానని చెల్లెలి మంచం దగ్గర కూర్చుని చెప్పాడు. ఆమె ఒప్పుకోలేదు. "నువ్వు మూస్తే ఇంకొకడు తెరుస్తాడు. వాడికీ కాలుంటుంది. మూయకు. ఒక్కళ్ళకి నేర్పు. ఒక్క మనిషి, కుక్క అడ్డం వస్తే తనంతట తాను ఆపేలా. నాకది చాలు."

సరేనన్నాడు. ఆ రోజు నుంచి సాయంత్రం ఆయన చెప్పులు విప్పే చప్పుడు వినబడగానే వెనక గదిలోంచి ఒకే మాట వచ్చేది.

"ఇవాళ?"

చెప్పులు లేకుండా కూర్చుని చూశాడు. సీటు మీద కాళ్ళు మడిచి బాసింపట్టు వేసుకుని చూశాడు. మేక అడ్డం వస్తే, మడిచిన కాలు ఎప్పుడు విప్పుకుందో ఆయనకే తెలియకుండా పెడలు మీద ఉండేది. అక్కడ ఎవరో వేరే మనిషి కూర్చుని ఉన్నట్టుండేది. నేర్చుకునేవాళ్ళకి ఇదంతా వింతగా తోచింది. బట్టల వ్యాపారి ఒకాయన, పక్కన కూర్చుని కాళ్ళు ముడుచుకునే మాస్టారు నాకెందుకని మూడోరోజే మానేశాడు. ఎనిమిది నెలలు గడిచాయి. "ఇవాళ?" అంటే "లేదమ్మా" అనడం ఇద్దరికీ అలవాటైపోయింది.

అప్పుడొచ్చింది ల్యాబు అమ్మాయి. రక్త పరీక్షలు చేసే చోట పని. చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి రక్తం సీసాలు పట్టుకురావడానికి ల్యాబువాళ్ళు కారు ఇస్తామన్నారు. తిరగాల్సింది బైపాస్ మీదే. శ్రద్ధ గల పిల్ల, చెప్పింది చిన్న పుస్తకంలో రాసుకునేది. ఆవు తోక సంగతి కూడా రాసుకుంది. ఈమెకి వస్తుందేమోనని మాస్టారికి ఆశ పుట్టింది. ఆశ పుట్టినందుకు భయం కూడా వేసింది.

లైసెన్సు పరీక్షకి ముందురోజు, ఆఖరి క్లాసు. బండి ఎక్కేముందే చెప్పాడు. "ఇవాళ నా కాలు కదలదు. పక్కన నేను లేననుకో. ఏది అడ్డమొచ్చినా ఆపాల్సింది నువ్వే."

"అలాగే మాస్టారూ" అంది.

ఆయన కుడికాలు మడిచి దాని మీద కూర్చున్నాడు. ఆమె బాగానే తోలింది. రాళ్ళ కుప్ప దగ్గర తగ్గించింది. కొమ్మ పాతిన గుంతని చూసి పక్కనుంచి పోనిచ్చింది. ఎర్రావుకి తోక వైపు నుంచి వెళ్ళింది. కాలు తిమ్మిరెక్కి మొద్దుబారిపోయింది, అదే నయమనుకున్నాడు.

పెట్రోలు బంకు దగ్గర ఇన్‌స్పెక్టరు లేచింది. కుంటుకుంటూ సగం రోడ్డు దాటింది. ఎప్పటిలాగే ఆగి, వెనక్కి తిరిగింది. అది ఆయనకి కనబడింది. ఆమెకి కనబడడం కూడా ఆయనకి కనబడింది. తొక్కడానికి చాలినంత దూరం ఉంది. తొక్కమ్మా, తొక్కు, అని లోపల ఎవరో మొత్తుకుంటున్నారు, పెదవులు బిగించే ఉన్నాడు. ఆమె కళ్ళు కుక్క మీంచి కదిలాయి. తన కాలి వైపు వెళ్ళలేదు. పక్కకి తిరిగి, ఆయన మోకాళ్ళ కిందికి చూశాయి.

కింద నలిగిపోయి ఉన్న కాలు ఎలా బయటికి వచ్చిందో, పడాల్సిన చోట పడింది. బండి గుంజుకుని ఆగింది. ఇన్‌స్పెక్టరు ఒకసారి బండి ముక్కు వాసన చూసి బంకు నీడలోకి వెళ్ళి పడుకుంది.

ఆ అమ్మాయి గుండె మీద చెయ్యి వేసుకుని నవ్వింది. "మీరుండగా నాకేం భయం మాస్టారూ" అంది.

రేపు పరీక్షకి వెళ్ళవద్దనీ, ఇంకో పది రోజులు ఉండమనీ, డబ్బేమీ ఇవ్వనక్కర్లేదనీ చెప్పి చూశాడు. తన చెల్లెలి సంగతి కూడా చెప్పాడు. ఆమె అయ్యో అంది, నిజంగానే నొచ్చుకుంది. కానీ సోమవారం నుంచి ల్యాబులో బండి తీయాలి, లేకపోతే ఆ పని ఇంకొకరికి ఇచ్చేస్తారు. "పరీక్ష గ్రౌండులోనే కదా మాస్టారూ, ఎనిమిది అంకె తిప్పి చూపిస్తే చాలంట. అక్కడ కుక్కలేమీ ఉండవు" అని ఆయనకే ధైర్యం చెప్పి, దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది.

సాయంత్రం వాకిట్లో చెప్పులు విప్పకుండా చాలాసేపు నిలబడ్డాడు. ఎంతసేపని నిలబడతాడు? విప్పాడు.

"ఇవాళ?"

వెనక గదిలోకి వెళ్ళి మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. ఆమె ఒళ్ళో ట్యూషను పిల్లల లెక్కల పుస్తకాలు ఉన్నాయి, ఎర్ర పెన్నుతో దిద్దుతోంది.

"నేనే వేశాను" అన్నాడు.

"కుక్కా?"

"ఊఁ. ఇన్‌స్పెక్టరు."

"బతికిందా?"

"బతికింది."

ఆమె ఒక లెక్క దిద్దింది, పేజీ తిప్పింది. తల ఎత్తకుండానే అడిగింది.

"మరి ఆ అమ్మాయి?"

"సోమవారం నుంచి బైపాస్ మీద తోలుతుంది" అన్నాడు, తన కుడికాలి వైపు చూస్తూ.