ఫైనల్ రోజు కోడిపిల్లలు

మొన్న సాయంత్రం పెద్దమ్మ ఫోన్ చేసింది. బాగున్నవా, తిన్నవా అన్న పలకరింపు కూడా లేకుండా "ఫైనల్ ఎన్నడున్నది బిడ్డా?" అని అడిగింది. నేను ఫోను స్పీకర్‌లో పెట్టి బెండకాయలు తరుగుతున్నాను కనుక పక్కింటావిడ చెవిన కూడా పడింది. ఆ వయసులో అంత క్రికెట్ పిచ్చి ఉన్నందుకు తెగ ముచ్చటపడింది. నిజానికి మా పెద్దమ్మకు బ్యాటు ఏదో వికెట్టు ఏదో తెలియదు, తెలుసుకోవాలన్న కోరికా లేదు. కానీ పెద్ద మ్యాచ్ ఎప్పుడో మా కొత్తకోట చుట్టుపక్కల ఆమె అడిగినంత ముందుగా ఎవరూ అడగరు. ఆ తేదీ దాటితే గాని ఆమె షెడ్డులోకి కోడిపిల్లలను దింపించుకోదు.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు బోరు మోటార్లకు రాత్రీ పగలూ కరెంటు ఇవ్వసాగారు. ఆ సంతోషంతో పాటే ఒక పుకారు కూడా ఊళ్లోకి వచ్చింది. ఫైనల్ రోజున మగవాళ్లు టీవీల ముందు నుంచి కదలరట, మధ్యలో బ్రేక్ ఇవ్వగానే అందరూ ఒక్కసారే చేన్లకు ఉరికి మోటార్లు వేస్తారట, ఆ దెబ్బకు ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుందట. ఎక్కడ కాలిందని అడిగితే మా ఊరివాళ్లు ఆత్మకూర్ వైపు అనేవారు. ఆత్మకూర్‌లో మా చుట్టాలను అడిగితే అచ్చంపేట దగ్గర అన్నారు. అచ్చంపేటలో నాకు తెలిసినవాళ్లు ఎవరూ లేకపోయారు గాని, ఉంటే వాళ్లు మా ఊరి పేరే చెప్పేవారు. అందరూ నవ్వుకుంటూ చెప్పుకునే ఆ మాట పెద్దమ్మకు మాత్రం కంటి మీద కునుకు లేకుండా చేసింది.

ఆమె భయానికి కారణం ఉంది. అంతకు ముందు చలికాలంలో దింపిన పిల్లలు చాలావరకు చలికి చనిపోయాయి. ఈసారి కూడా అలాగే అయితే ఇక పిల్లలను ఇవ్వబోమని, షెడ్డు మూసుకోవాల్సిందేనని, పెంచడానికి పిల్లలను ఇచ్చే కోళ్ల కంపెనీ మనిషి తేల్చి చెప్పి వెళ్లాడు. ఆ యేడు కొత్త పిల్లలు దిగి రెండు రోజులైనా కాలేదు, ఇంతలో ఫైనల్ వచ్చిపడింది. షెడ్డులో బల్బుల వెచ్చదనమే వాటికి తల్లి. కరెంటు పోయి చలి తగిలితే ఒకదాని మీద ఒకటి గుట్టగా ఎక్కి, అడుగున ఉన్నవి ఊపిరాడక చస్తాయి. షెడ్డుకూ చుట్టూ ఉన్న బోర్లకూ ఒకటే ట్రాన్స్‌ఫార్మర్. అందుకని ముందు రోజే పెద్దమ్మ చేను పక్కవాళ్ల ఇళ్లన్నీ తిరిగింది. సెలవుకు వచ్చిన నన్ను కూడా వెంటబెట్టుకుంది. "మీ కాల్మొక్త, బ్రేకుల మోటర్లు ఎయ్యకుండ్రి" అని ప్రతి గడపలో బతిమాలింది. అందరూ ఒప్పుకున్నారు, ఫికర్ చెయ్యొద్దని చాయ్ కూడా పోశారు.

మా పెద్దనాయిన నమ్మకం వేరు. కుడికాలు ఎడమకాలి మీద వేసుకుని కూర్చుంటే మనవాళ్లు బాగా ఆడతారని, కాలు దించితే వికెట్ పడుతుందని ఆయన గట్టి నమ్మకం. ఆ రోజు మధ్యాహ్నం టీవీ ముందు వేసిన కాలు దించలేదు. నీళ్ల చెంబు కూడా నేనే అందించాను. పెద్దమ్మ షెడ్డుకూ ఇంటికీ మధ్య తిరుగుతూ "బ్రేకు అయిందా?" అని అడుగుతూనే ఉంది. ఇంకా కాలేదని చెప్పినప్పుడల్లా ఆమె ముఖం చూడలేకపోయాను.

తీరా బ్రేక్ రాకముందే, పొద్దు గూకుతుండగా చేను వైపు నుంచి ఢామ్మని చప్పుడు వినిపించింది. షెడ్డులో చీకటి. ఊరి లైను వేరు కనుక ఊళ్లో టీవీలు మాత్రం మోగుతూనే ఉన్నాయి. పక్క చేను మామ తలవంచుకుని వచ్చి, "బ్రేకుల ఎయ్యలేదక్కా, మాటిచ్చిన గదా. గందుకే జర ముందుగాల్నే ఏసిన" అన్నాడు. అతని వెనక వచ్చిన ప్రతి ఒక్కరిదీ అదే మాట. పెద్దమ్మకు ఇచ్చిన మాట నిలబెట్టుకోవడానికి అందరూ కూడబలుక్కున్నట్టు ఒకే సమయానికి మోటార్లు వేశారు. లైన్‌మన్‌కు ఫోన్ చేస్తే తెల్లారితే గాని పని కాదన్నాడు.

పెద్దమ్మ షెడ్డులోకి పోయి, పిల్లల కింద పరిచిన ఊకలో కూలబడింది. అప్పుడు పెద్దనాయిన కాలు దించాడు. తిమ్మిరెక్కిన ఆ కాలితో కుంటుకుంటూ షెడ్డుకు వచ్చి పిల్లల మధ్య కూర్చున్నాడు. మోటార్లు వేసినవాళ్లంతా ఇళ్ల నుంచి కుంపట్లలో నిప్పులు తెచ్చారు. పొగ పట్టకుండా తెరలు కాస్త ఎత్తిపెట్టి, గుట్టపడుతున్న పిల్లలను చేతులతో విడదీస్తూ కూర్చున్నాం. అంత గట్టి రైతుల చేతులు అంత మెత్తగా కదలడం నేను అదివరకు చూడలేదు. ఎవరి జేబులోనో ఫోను సన్నగా మ్యాచ్ చెబుతూనే ఉంది. మ్యాచ్ అయిపోయాక అదీ ఆగిపోయింది. పిల్లలు వెచ్చబడి కువకువమంటూ సర్దుకున్నాయి. పెద్దమ్మ తేరుకుని "ఏమైంది మీ ఆట?" అని అడిగింది. పెద్దనాయిన పిల్లల వైపే చూస్తూ "మంచిగనే అయింది తియ్" అన్నాడు.

ఓడిపోయాం. తాను కాలు దించినందుకే ఓడిపోయామని పెద్దనాయిన ఈనాటికీ నమ్ముతాడు. చాయ్ హోటల్ దగ్గర పక్క చేను మామ వాళ్లు ఆ మాట మీద ఆయనను ఆటపట్టిస్తూనే ఉంటారు. ఆ పిల్లలు బతికాయి, షెడ్డు నడుస్తోంది.

మొన్న ఫోనులో తేదీ చెప్పాక పెద్దమ్మ నెమ్మదిగా, "ఆ యేడు గెల్సినట్టు ఈసారి గూడ మనోళ్లే గెలుస్తరా బిడ్డా?" అంది. నా చేతిలో కత్తి ఆగింది. ఆ రోజు ఓడిపోయామని ఇన్నేళ్లలో ఊరంతటిలో ఒక్కరూ ఆమెకు చెప్పలేదన్నమాట. నేను నోరు తెరిచేలోగా ఫోను అవతల పెద్దనాయిన గట్టిగా దగ్గాడు.

"గెలుస్తరు పెద్దమ్మా" అన్నాను. ఎన్నేళ్లు గడిచినా ఆ సాయంత్రం ఆమె దగ్గర గెలిచే ఉంది, దాన్ని అలాగే ఉండనిస్తే ఎవరికీ పోయేదేమీ లేదు.