ఎవరూ అడగని తోట

కార్తీకమాసం వచ్చిందంటే శ్రీనివాసపురం మామిడి మండీలో డబ్బులివ్వకుండా చూసే వినోదం ఒకటుండేది. మా మేనత్త మునివెంకటమ్మ వచ్చి ఎవరూ అడగని తోటను అడిగేది. మండీ నడిపే దొడ్డప్ప వక్క కొరకడం ఆపి, "విన్నారా అప్పా, అక్క ఈసారి ఏ తోట అడగతా ఉండాదో!" అని గట్టిగా అనేవాడు. బస్తాల మీద కూర్చున్న వ్యాపారులంతా పకపకా నవ్వేవాళ్లు. వాళ్లతోపాటు అత్త కూడా నవ్వేది. నవ్వుతూనే బేరం తేల్చుకుని బస్సెక్కేది.

జూన్‌లో ఆ తోటనుంచి కాయల లారీలు కదిలేటప్పుడు మాత్రం, నవ్వినవాళ్లు ఒక్కరూ అక్కడ కనబడరు. ఎవరి పనుల్లో వాళ్లుంటారు. ఎవరైనా గుర్తుచేస్తే "ఆయమ్మ అదృష్టం" అని తేల్చేసేవాళ్లు. మళ్లీ కార్తీకానికి నవ్వు తాజాగా తయారయ్యేది.

పూత రాకముందే తోటలో ఆ ఏటి కాపును గుత్తకు మాట్లాడుకుని, అడ్వాన్సు ఇచ్చి, కాయ కోసేదాకా కాపలా కాసుకోవడం ఆమె వ్యాపారం. పూత నిలిస్తే భాగ్యం, రాలితే దండగ. శ్రీనివాసపురం పక్క పల్లెలో పుట్టిన మనిషి, కేజీఎఫ్ బంగారు గనుల్లో పనిచేసే ముత్యాలప్పకు పెళ్లామై వచ్చింది. మామ చాంపియన్ రీఫ్ గనిలో రాతిని తొలిచే డ్రిల్లర్. కాపు కాలం వస్తే అత్త మూటాముల్లె సర్దుకుని వెళ్లి తోటలో గుడిసె వేసుకునేది. "మా ఇంట్లో ఒకరు నేల కింద, ఒకరు చెట్టు కింద, ఇంగ పొయ్యి కాడ ఎవరుంటారు?" అని మామ విసుక్కునేవాడు. నిజానికి ఆయనే వండుకునేవాడు, ఆమెకన్నా బాగా వండేవాడు.

ఆమె పద్ధతి ఒకటే. పోయినేడు కాపు చెడిన తోటనే అడిగేది. బాదామి రకం మామిడి చెట్టు ఒక ఏడు విరగకాస్తే మరుసటి ఏడు అలిసిపోతుంది, ఖాళీగా ఉన్న చెట్టు తేరుకుని కాస్తుంది. ఇది మామిడి ముఖం చూసిన ప్రతివాడికీ తెలుసు. కానీ ధర మాట్లాడే వేళకు అందరి కళ్లముందూ పోయినేటి లారీలే తిరుగుతుంటాయి. లారీలు బారులు తీరిన తోటకు తోపులాట. లారీ రాని తోట వైపు కుక్క కూడా చూడదు. నలుగురితో నారాయణా, గుంపులో గోవిందా!

"జనాలకు కండ్లు ఈపున ఉండాయి నాయనా," అనేది అత్త నాతో. "ఎనక్కి చూసుకుంటా ముందుకు నడస్తారు. ఆ తప్పే మనకు కూడు పెడతా ఉండాది."

మామ ఒప్పుకునేవాడు కాదు. "ఏమే, గనిలో లోతుకు పొయ్యేకొద్దీ కూలి ఎందుకు ఎక్కువ? పైన పనిచేసేవాళ్లంతా తెలివి లేనోళ్లా? లోతులో బండ పగిలితే మనిషి తిరిగి రాడు, అందుకు ఎక్కువ. ఒక తోట చవగ్గా వస్తా ఉండాదంటే దాంట్లో ఏదో గండం ఉంటాది. నీకొచ్చేది తెలివికి కాదు, గండానికి కూలి."

నేనప్పుడు కేజీఎఫ్ నుంచి రోజూ రైల్లో బెంగళూరు వెళ్లి ఒక షేర్ బ్రోకర్ ఆఫీసులో పనిచేసేవాణ్ణి. కంప్యూటరు కంపెనీల షేర్లకు పిచ్చి ముదిరిన కాలం అది. రైల్లో వేరుశనక్కాయలు అమ్మేవాడు కూడా ఏ షేరు కొనాలో చెప్పేవాడు. వెలిగిపోతున్న కంపెనీ షేరుకు ఎంతైనా పోస్తారు, పాత సిమెంటు కంపెనీని, పంచదార కంపెనీని పలకరించే దిక్కుండదు. అయితే చాలా ఏళ్ల మీద లెక్క తీస్తే ఆ పలకరించని షేర్లే ఎక్కువ రాబడి ఇచ్చాయని మా ఆఫీసులో పెద్ద చదువులవాళ్లు చెప్పేవాళ్లు. ఎందుకిచ్చాయి అంటే మాత్రం రెండు జట్లయ్యేవాళ్లు. కష్టకాలం వస్తే ముందు మునిగేది ఆ పాత కంపెనీలే, ఆ ప్రమాదాన్ని భరించినందుకే ఆ రాబడి అని ఒక జట్టు. నిన్న వెలిగింది రేపూ వెలుగుతుందని, నిన్న ఆరింది ఎప్పటికీ ఆరినట్టేనని జనం పొరబడతారు, ఆ పొరపాటులోంచి వచ్చిందే అని రెండో జట్టు. టై కట్టుకుని, గాజు గదిలో కూర్చుని, ఇంగ్లీషులో అరుచుకునేవాళ్లు. కేజీఎఫ్‌కి వస్తే మా అత్తామామలు సంగటి ముద్ద ముందు కూర్చుని అదే గొడవ. నాకు ఇక్కడే బాగుండేది, తినడానికి ముద్ద కూడా దొరికేది కనుక.

మామ ముందస్తు రిటైర్మెంటు తీసుకుని గనిలోంచి బయటపడ్డ ఏడు, అత్త నంజుండప్ప తోట మాట్లాడింది. మిట్టమీది బాదామి తోట. గాలికి అడ్డంగా చుట్టూ ఒక్క సర్విచెట్టు, అంటే సరుగుడు చెట్టు, లేదు. పోయినేడు కాయ లేదు. మామ తన రిటైర్మెంటు డబ్బులోంచి అడ్వాన్సు ఇచ్చాడు. తిట్టుకుంటూ ఇచ్చాడు, కానీ ఇచ్చాడు.

పూత చెట్టంతా కమ్ముకుంది. పిందె నిలిచింది. అత్త గుడిసెలో పాటలు కూడా పాడుకుందని విన్నాను. ఏప్రిల్ ఆఖరులో ఒక సాయంత్రం గాలి లేచింది, వెనకే వడగండ్లు. పల్లంలో, సర్విచెట్ల చాటున ఉన్న ఖరీదు తోటలకు కొంత నష్టం. మిట్టమీది తోటలో కొమ్మకు కాయ మిగల్లేదు. మామ చెప్పిన గండం అదే. ఆయన మాత్రం ఆ మాట ఎత్తలేదు. నాకు ఆయనమీద గౌరవం పెరిగింది అప్పుడే.

అత్త రాలిన కాయను ఊరగాయల వాళ్లకు అమ్ముదామని మండీకి వెళ్లింది. "ఎవరూ ఆ తోట ఎందుకు అడగలేదో ఇప్పుడు తెలిసిందా అక్కా?" అన్నాడు దొడ్డప్ప. నవ్వులు. ఆ రోజు ఆమె నవ్వలేదు. ఇంటికొచ్చి, "ఇంగ చాలు. నేను తోటలు చెయ్యను," అంది.

కార్తీకం వచ్చింది. ఆమె కదల్లేదు. తోమిన గిన్నెలనే మళ్లీ తోముతూ, మామ వంటకు వంకలు పెడుతూ క్వార్టర్సులో కూర్చుంది. ఆమె లేకపోతే శ్రీనివాసపురంలో మామిడి కాయడం మానేయదు, కానీ ఆమె మాత్రం ఎండిపోతున్నట్టు మాకు కళ్లకు కనబడుతోంది. నాకు దిగులేసింది.

ఒక ఆదివారం నేను వెళ్లేసరికి మామ లేడు. పొద్దున్నే ఎక్కడికో వెళ్లాడట. సాయంత్రం మట్టికాళ్లతో వచ్చి అరుగుమీద కూలబడ్డాడు.

"యాడికి పోయినావు?" అంది అత్త.

"నంజుండప్ప తోటకు అడ్వాన్సు ఇచ్చొచ్చినాను."

అత్త చేతిలోని చెంబు కింద పడేసింది. "నీకు మతి పోయిందా? ఆ మిట్టమీద మళ్లా వడగండ్లు పడితే?"

"పోయినేడు పడినాయని ఈ ఏడూ పడతాయా? కండ్లు ఈపున పెట్టుకున్నావా ఏమి?"

"గండముండాదని చెప్పింది నువ్వే గదా!"

"ఉండాది. లేదని ఎవరన్నారు?"

జట్లు మారిపోయాయి! నేను నవ్వు ఆపుకున్నాను. అత్త మాత్రం నవ్వే స్థితిలో లేదు. గోడకానుకుని, "నాకు భయంగా ఉండాదప్పా," అంది మెల్లగా. "కాయ పోయినందుకు కాదు. ఆ మండీలోకి మళ్లా నడిచేదానికి భయం."

మామ కాళ్ల మట్టి దులుపుకుంటూ అన్నాడు.

"ఈపొద్దు నేను ఆడికే పోయినాను మునెంకటా. ఆ తోట పేరెత్తినాను. 'ఏమప్పా, ఈసారి మొగుడొచ్చినాడా, వడగండ్లు ఏరుకునేదానికా?' అన్నాడు దొడ్డప్ప. అందరూ నవ్వినారు. నాకు భయమేసింది. గనిలో బండ అదిరినప్పుడు భయమే, కానీ ఆడ గ్యాంగంతా ఉండె, భయమైతే పక్కనోడి ముఖం చూసుకుంటాము. మండీలో నా పక్కన ఎవరూ లేరు. వెనక్కి తిరిగి వచ్చేద్దామనుకున్నా. ఆ తోట ఎందుకు చవకనో అప్పుడు తెలిసింది నాకు. అట్లా నిలబడేదానికి ఎవరికీ గుండె లేదు. నువ్వు ఇన్నేండ్లూ ఒక్కదానివే నిలబడినావు, వాళ్లతో నవ్వి, ఇంటికొచ్చి నాతో కూడా నవ్వినావు. నేను ఈడ కూచోని గండమని, కూలి అని పాఠాలు చెప్పినాను. ఒక్కసారైనా నీ ఎంబడి రాలేదు."

అత్త కొంగుతో కళ్లు తుడుచుకుంది. నేను బయట ఏదో పనున్నట్టు లేచి, లేని పని కోసం అటూ ఇటూ చూశాను. కాసేపటికి ఆమె గొంతు వినబడింది.

"అడ్వాన్సు ఎంత ఇచ్చినావు?"

మామ చెప్పాడు.

"నీ మొగం మండ! ఎవరూ అడగని తోటకు అంతిస్తారా ఎవరన్నా?"

మర్నాడు మొదటి బస్సుకు ఇద్దరూ బయలుదేరారు. నంజుండప్పతో ఆమె మధ్యాహ్నందాకా పోట్లాడి గుత్త తగ్గించిందని తర్వాత విన్నాను.

ఆ ఏడు కాయ బాగా వచ్చింది. ఆ తర్వాతి తోట అంతంతమాత్రం. మామిడి గురించి మామకు చివరిదాకా ఏమీ తెలియలేదు, రసపూరి కాయను చూపించి బాదామి అనేవాడు. అయినా ప్రతి కార్తీకానికీ ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆమె వెంట మండీకి తయారయ్యేవాడు. ఒకసారి దొడ్డప్ప ఉండబట్టలేక అడిగాడు.

"నీకు పూతా తెలీదు, పిందే తెలీదు. నువ్వెందుకప్పా రోజంతా ఈడ నిలబడేది?"

"మీరు నవ్వేటప్పుడు ఆయమ్మ పక్కన ఇంగొకరు ఉండాల గదప్పా," అన్నాడు మామ.